మినిట్స్ పుస్తకంలో మిగిలిపోయిన పాపం

ఆర్నెల్ల కిందట మా సంఘంలో మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఉజ్జీవం కోసం, అంటే చల్లబడ్డ విశ్వాసం మళ్లీ రగలాలని. ఎత్తుకున్న వాక్యం మీరు ఊహించిందే, రెండవ దినవృత్తాంతములు 7:14: నా జనులు తగ్గించుకుని, ప్రార్థించి, చెడు మార్గాలు విడిస్తే వాళ్ల పాపం క్షమిస్తానని దేవుడన్న మాట. చివరి రాత్రి పాస్టరుగారు అందరినీ మోకరించమన్నారు. "మనమందరం చల్లారిపోయాం ప్రభువా, మనమందరం నిన్ను దుఃఖపెట్టాం" అని ఆయన అంటుంటే వెనక నుంచి ఏడుపులు వినిపించాయి. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అది నటన కాదు.

అయిపోయాక బెంచీలు సర్దుతుంటే, రెండేళ్ల కిందట సంఘంలో చేరిన ఒక కుర్రాడు పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "అంకుల్, ఇంతకీ మనం ఏం చేశామని?"

అందులో వెటకారం లేదు. తెలియకే అడిగాడు. నేను "అన్నీ కలిపి, బాబూ" అని ఏదో గొణిగి బెంచీ రెండో కొస పట్టుకున్నాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కమిటీ సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకంలో, నా చేతిరాతలోనే ఉంది.

అప్పట్లో నేను కమిటీ కార్యదర్శిని. కొత్త హాలు కోసం పోగుచేసిన డబ్బుల్లో లెక్క తేడా వచ్చింది. కోశాధికారి ఒక సిస్టర్. రసీదు లేకుండా చిల్లర కూడా కదలనిచ్చేవారు కాదు, అందుకే చాలామందికి ఆవిడంటే కిట్టేది కాదు. తేడా బయటపడ్డప్పుడు ఆవిడను ఎవరూ దొంగ అనలేదు. మేం మర్యాదస్తులం కదా. "లెక్కల్లో అవకతవకలు జరిగినందున" ఆమెను బాధ్యతల నుంచి తప్పిస్తున్నట్టు తీర్మానం చేశాం. అధ్యక్షుడు "ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు. ఎవరూ తలెత్తలేదు. నేను "ఏకగ్రీవం" అని రాశాను. ఆ వచ్చే ఆదివారం ప్రకటనల్లో దాన్ని సంఘమంతటికీ చదివి వినిపించాం.

రెండేళ్ల తర్వాత అసలు సంగతి తెలిసింది. సంఘపెద్ద ఒకాయన కాంట్రాక్టరుకు చేతి మీదుగా అడ్వాన్సు ఇచ్చి, రసీదు తన బీరువాలో పెట్టుకుని మరిచిపోయారు. కాగితం దొరికింది, లెక్క సరిపోయింది. ఆ రోజు మినిట్స్‌లో ఒక్క వాక్యం రాశాను: "భవన నిధి లెక్కలు సరిచూడబడినవి." ఎవరు సరిచూశారో, ఎవరి లెక్కలో, మధ్యలో ఎవరి పేరు పోయిందో అందులో లేదు. అప్పటికే ఆవిడ రావడం మానేశారు. ఆవిడతో సన్నిహితంగా ఉండే నాలుగైదు కుటుంబాలు కూడా. ఆ తర్వాత ఒకరొకరుగా ఇంకొందరు. ఇవాళ ఆ కొత్త హాల్లో సగం బెంచీలు ఖాళీ. ఆ బెంచీలు నిండాలనే మేం ఉజ్జీవ కూటాలు పెడుతున్నాం.

ఇన్నాళ్లకు నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది. సంఘం ఏ నోటితో పాపం చేసిందో ఆ నోటితోనే ఒప్పుకోవాలి. తీర్మానం చేసి, ప్రకటించి, పుస్తకంలో ఎక్కించి ఒక మనిషికి అన్యాయం చేసినప్పుడు, చీకట్లో మోకాళ్ల మీద కార్చిన కన్నీళ్లతో అది తీరదు. "యేసు రక్తం ప్రతి పాపాన్ని కడగదా, బ్రదర్?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. కడుగుతుంది. ఆ మాట ఉన్న యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోనే, రెండు వచనాల కింద, "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అని కూడా ఉంది. ఆ "యెడల"ను దాటేసి వెళ్లడం మాకు అలవాటైపోయింది.

మనం, మేము

ఆ రాత్రి ప్రార్థనలో ఒక వింత ఉంది. "మనమందరం నిన్ను దుఃఖపెట్టాం" అన్నారు కదా. తెలుగులో "మనం" అంటే వింటున్నవాళ్లు కూడా అందులో ఉన్నట్టు. దేవుడితో మాట్లాడుతూ "మనం పాపం చేశాం" అంటే ఆయన్నీ మన జట్టులో కలుపుకున్నట్టే. పాస్టరుగారికి వ్యాకరణం రాక కాదు. కళ్లు మూసుకున్నా ఆయన మాట్లాడుతున్నది మాతోనే. పేరుకే ప్రార్థన, జరిగింది ప్రసంగం. సర్వనామం పట్టిచ్చేసింది.

దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయం తీసి చూడండి. అక్కడంతా "మేము". మేము తిరుగుబాటు చేశాం, మేము నీ మాట వినలేదు, సిగ్గు మాది. బబులోను చెరలోకి పోయేనాటికి దానియేలు కుర్రాడు. దేశాన్ని ముంచిన రాజుల పాపాల్లో అతనికి వాటా ఏముంది? అయినా "వాళ్లు" అనలేదు. నెహెమ్యా షూషను కోటలో రాజుకు పానపాత్ర అందించేవాడు, యెరూషలేము గోడలు కూలడంలో అతని చెయ్యి లేదు. అతనూ "నేనును నా తండ్రి యింటివారును" అని తనను ముందు పెట్టుకునే ఒప్పుకున్నాడు.

"మనం" వెచ్చగా ఉంటుంది. అందరం ఒకే పడవలో ఉన్నామన్న ఓదార్పు అందులో ఉంది. ఓదార్పు అవసరమే, కాదనను. కానీ అన్యాయం జరిగిన మనిషి ముందు నిలబడి "మనమందరం పాపులమే కదా, సిస్టర్" అంటే ఏమవుతుంది? ఆవిడకు జరిగిన అన్యాయంలో ఆవిడకూ భాగం అంటగట్టినట్టవుతుంది. ఆవిడ ముందు వాడాల్సింది "మేము". చేసినవాళ్లం మేము, పడ్డది మీరు. ఇంతకంటే స్పష్టంగా గీత గీసే మాట మన భాషలో ఉండగా, మేం వెతికి వెతికి "మనం" వాడుతున్నాం.

కోడెదూడ లెక్క

లేవీయకాండం నాలుగో అధ్యాయం మీద ప్రసంగం విన్న గుర్తు నాకు లేదు. చదవడానికి ఖాతా పుస్తకంలా ఉంటుంది, నాబోటి మాజీ కార్యదర్శులకు తప్ప నచ్చదు. సామాన్యుడు తెలియక పాపం చేస్తే ఆడ మేకపిల్లో ఆడ గొర్రెపిల్లో తేవాలి. అధికారి చేస్తే మగ మేకపిల్ల. సమాజమంతా కలిసి చేస్తే కోడెదూడ. అభిషేకం పొందిన యాజకుడు ఒక్కడు చేసినా కోడెదూడే. ఒక్క యాజకుడి పాపం బరువూ సమాజం మొత్తం పాపం బరువూ ఒకటేనట. మా కమిటీ గదిలో గోడకు రాసి పెట్టాల్సిన లెక్క ఇది.

అక్కడే ఇంకో సంగతి ఉంది. సమాజమంతా చేసిన పాపమైనా, ఆ దూడ తల మీద అందరూ చేతులు పెట్టరు. పెద్దలు పెట్టాలి. గుంపు పేరున జరిగిన తప్పును గుంపులోకి వదిలేస్తే అది ఎవరి తలకూ చుట్టుకోదు కాబట్టి కొందరి చేతులు దాని మీద కనబడాలని నేను అర్థం చేసుకున్నాను. మా ఉపవాస ప్రార్థనల్లో జరిగింది దీనికి తలకిందులు. తీర్మానం చేసింది కమిటీ, మోకాళ్ల మీదికి వచ్చింది సంఘం. ఆ తీర్మానం నాటికి బడికి కూడా పోని పిల్లలు దేనికో తెలియకుండా ఏడ్చారు.

సంఖ్యాకాండం అయిదో అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. పాపం ఒప్పుకోవాలి, నష్టాన్ని పూర్తిగా తిరిగివ్వాలి, దాని మీద అయిదో వంతు కలపాలి, అదీ ఎవరికి నష్టం చేశామో వాళ్లకే ఇవ్వాలి. డబ్బు సంగతయితే అయిదో వంతు కట్టడం సులువు. పోయిన పేరులో అయిదో వంతు ఎంతవుతుందో నాకు ఇప్పటికీ తేలలేదు.

ప్యాంగ్‌యాంగ్‌లో రెండు సభలు

ఉజ్జీవం గురించి మాట్లాడే ప్రసంగీకులు కొరియాలో 1907 నాటి ప్యాంగ్‌యాంగ్‌ను తప్పకుండా తలుచుకుంటారు. ఆ జనవరిలో జరిగిన కూటాల్లో గిల్ సొన్‌జు అనే సంఘపెద్ద లేచి నిలబడి, తాను ఆకానులాంటివాణ్నని అన్నాడు. బైబిల్లో, ముట్టకూడని దోపుడు సొమ్ము తన గుడారంలో దాచి జనమంతటి మీదికీ కీడు తెచ్చినవాడు ఆకాను. చనిపోయిన స్నేహితుడి ఆస్తి వ్యవహారం చూసిపెడతానని ఒప్పుకుని అందులో కొంత డబ్బు తాను తీసుకున్నానని, దాన్ని ఆ వితంతువుకు తిరిగి ఇచ్చేస్తానని చెప్పాడు. దాంతో సభలో ఒకరి తర్వాత ఒకరు లేచి ఒప్పుకోవడం మొదలైంది.

ఆకాను కథను మేం ఎలా వాడుకుంటామో మీకు తెలుసు. "మన మధ్య ఎవరో ఆకాను ఉన్నాడు, అందుకే ఆశీర్వాదం ఆగిపోయింది" అంటాం, అని పక్కవాడి గుడారం వైపు చూస్తాం. ఆయన ఆకానును తనలోనే చూపించాడు. ఎవరికి బాకీనో, ఏ బాకీనో, ఎలా తీరుస్తాడో అన్నీ చెప్పాడు. నాకు నచ్చింది అది.

ప్రసంగాల్లో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. అదే ప్యాంగ్‌యాంగ్‌లో 1938 సెప్టెంబరులో కొరియా ప్రెస్బిటేరియన్ సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. అప్పుడు కొరియా జపాను ఏలుబడిలో ఉంది. జపాను పోలీసులు సభలోనే కూర్చున్నారు. జపానువాళ్ల షింటో గుడి ముందు వంగడం మతానికి సంబంధించింది కాదని, దేశభక్తితో చేసే పనేనని తీర్మానం పెట్టారు. సరేననేవాళ్లు ఎవరని అడిగారు గానీ, కాదనేవాళ్లు ఎవరని అడగలేదు. తీర్మానం నెగ్గింది. ఒప్పుకోని జూ గిచొల్ అనే కాపరి 1944లో జైల్లో చనిపోయాడు. ఆ తీర్మానాన్ని రద్దు చేసింది 1954లో. ఆ దేశంలో ఎంతో గౌరవం పొందిన కాపరి హాన్ క్యుంగ్-చిక్, 1992లో టెంపుల్టన్ బహుమతి అందుకున్న సందర్భంలో, తానూ ఆ గుడి ముందు వంగానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన తొంభయ్యో ఏటికి చేరువలో ఉన్నాడు.

1907లో అంతగా ఏడ్చిన సంఘం 31 ఏళ్లకు ఇలా ఎలా చేసింది? పోలీసుల ఒత్తిడిని తక్కువ చేసి చెప్పను. ఆ గదిలో ఉంటే నేనూ నోరు మెదిపేవాణ్ని కాదు, పోలీసులెవరూ లేని గదిలోనే మెదపలేదు కదా. కానీ నాకో అనుమానం ఉంది. దొంగతనం, వ్యభిచారం, అసూయ, కక్ష లాంటి సొంత పాపాలు ఒప్పుకోవడం మనకు నేర్పారు. కమిటీగా, సభగా, "అభ్యంతరమా?" అన్న ప్రశ్నకు మౌనంగా కూర్చున్నవాళ్లుగా చేసే పాపాన్ని ఒప్పుకోవడం ఎవరూ నేర్పలేదు. దానికి సాక్ష్యం చెప్పే అలవాటు లేదు. పాట కూడా లేదు.

"ఇంకా ధైర్యంగా"

సంఘంగా ఒప్పుకున్న సందర్భం అనగానే చాలామంది 1945 అక్టోబరు నాటి స్టుట్‌గార్ట్ ప్రకటనను ముందుకు తెస్తారు. యుద్ధంలో ఓడిన జర్మనీలో ఎవాంజెలికల్ సంఘ నాయకులు, పరదేశపు సంఘాల ప్రతినిధుల ముందు, తమ వల్ల ఎన్నో ప్రజలకు, దేశాలకు అంతులేని బాధ కలిగిందని ఒప్పుకున్నారు. ఆ వాక్యం అంత సూటిగా ఉండాలని పట్టుబట్టింది మార్టిన్ నీమోలర్. నాజీల నిర్బంధంలో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన మనిషి ఆయన. "మేం చేయలేదు" అనడానికి అందరికంటే ఎక్కువ హక్కున్నవాడు "మా వల్ల" అనమన్నాడు.

ఆ ప్రకటనలోనే ఇంకో వాక్యం ఉంది. మేం ఇంకా ధైర్యంగా సాక్ష్యమివ్వలేదు, ఇంకా నమ్మకంగా ప్రార్థించలేదు, ఇంకా ఆనందంగా విశ్వసించలేదు, ఇంకా గాఢంగా ప్రేమించలేదు అని. ఎంత అందంగా ఉంది! ఆ "ఇంకా"లో ఎంత దాక్కుందో చూడండి. "ఇంకా ధైర్యంగా ఉండాల్సింది" అంటే అప్పటికే కొంత ధైర్యంగా ఉన్నట్టే కదా. యూదుల పేరు ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. యూదుల విషయంలో తన తప్పు గురించి ఆ సంఘం మాట్లాడింది 1950లో, వైసెన్‌సీలో జరిగిన సభలో. ఆ మొదటి ప్రకటనకే సొంత జనం మండిపడ్డారు. మాకు జరిగినదాని సంగతేంటి, గెలిచినవాళ్ల ముందు తల వంచుతారా అన్నారు.

వెక్కిరించడానికి ఇదంతా చెప్పడం లేదు. సగం ఒప్పుకోలు కూడా అంత ఖరీదయిందన్నమాట. ఏమీ ఒప్పుకోని సంఘాలతో పోలిస్తే అది కొండంత. కానీ మా పాస్టరుగారి "చల్లారిపోయాం"లో నాకు ఆ "ఇంకా" వినిపిస్తుంది. చల్లారడం అంటే ఒకప్పుడు మండినట్టు. మేం ఆ తీర్మానం చేసిన రోజు చల్లగా లేం, చాలా వేడి మీద ఉన్నాం.

నా సందేహాలు

ఆ కుర్రాడి వైపు నుంచి ఒక గట్టి అభ్యంతరం ఉంది. "నేను అప్పుడు లేను, నాకేం సంబంధం?" యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం అతని పక్షానే నిలుస్తుంది. తండ్రి దోషం కొడుకు మొయ్యడు. ఒప్పుకుంటాను, అతను దోషి కాడు. కానీ అతను కూర్చుంటున్నది ఆ డబ్బుతో కట్టిన హాల్లోనే. ఆస్తి పంచుకున్నవాడు అప్పు కూడా పంచుకోవాలి, అది దోషం కాకపోయినా బాకీయే. ముందు ఆ బాకీ ఏమిటో అతనికి చెప్పాలి. చెప్పకుండా ఏడిపించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

దావీదు నాటి కరువు కథ నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మూడేళ్లు కరువు. దేవుణ్ని అడిగితే, సౌలు గిబియోనీయులను చంపించినందుకన్నాడు. చేసింది పాత రాజు, అడిగింది కొత్త రాజు. అయినా దావీదు గిబియోనీయులను పిలిపించి, మీకు నేనేం చెయ్యాలని నేరుగా వాళ్లనే అడిగాడు. ఇంతవరకు నా వాదనకు సరిగ్గా సరిపోతుంది. తర్వాత? సౌలు సంతతిలో ఏడుగురిని ఉరితీయడానికి అప్పగించాడు. ఆ ఏడుగురిలో ఇద్దరి తల్లి రిస్పా గోనెపట్ట పరుచుకుని, వాన పడేదాకా ఆ శవాల మీద పక్షులు వాలకుండా, మృగాలు రాకుండా కాపలా కాసింది. సంఘం తన తప్పు కడుక్కోవడానికి ఎవరినో ఒకరిని వేలాడదీసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందని ఈ కథ చదివినప్పుడల్లా భయం వేస్తుంది. మా దగ్గర కూడా తప్పంతా రసీదు మరిచిన పెద్దాయన మీదికి నెట్టేయడం ఎంత సులువో! ఆయన ఇప్పుడు లేరు, కాదనడానికి రారు. ఆ కథలో దేశం కోసం చేసిన ప్రార్థన దేవుడు విన్నట్టు రాసింది ఉరి తర్వాత కాదు, సౌలువీ అతని సంతతివాళ్లవీ ఎముకలన్నీ దావీదు ఏరించి మర్యాదగా సమాధి చేయించిన తర్వాత. ఆ వరుస ఊరికే పడిందని నేననుకోను.

మరో సందేహం. అసలు సంఘం కుంగిపోవడానికి పాపమే కారణమా? కావాలని లేదు. ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలకు ఉత్తరాలు వెళ్తే అయిదింటికి యేసు మారుమనస్సు పొందమని చెప్పాడు. చెప్పించుకోని రెండూ ఏవి? స్ముర్న, దరిద్రంలో ఉన్న సంఘం. ఫిలదెల్ఫియ, శక్తి కొంచెమే ఉన్న సంఘం. బతికున్నదని పేరు తెచ్చుకున్న సార్దీసును చచ్చినదానివన్నాడు. నాకేమీ కొదువ లేదనుకున్న లవొదికయను ఉమ్మివేస్తానన్నాడు. తలుపు తడుతున్న యేసు బొమ్మ గోడకు పెట్టుకుంటాం కదా, ఆయన తట్టింది ఆ సంఘం తలుపే. కాబట్టి బెంచీలు ఖాళీగా ఉన్నంత మాత్రాన పాపం ఉన్నట్టు కాదు, నిండితే పోయినట్టూ కాదు. బెంచీలు నింపుకోవడానికి పశ్చాత్తాపపడితే అది పశ్చాత్తాపం కాదు, ప్రచారం. ఈ మాట కమిటీలో అన్నాను. "మరి ఉపయోగం ఏంటి?" అని ఒకాయన అడిగారు. ఉపయోగం ఏమీ లేకపోవచ్చన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

పుస్తకం

చివరికి ఆవిడ ఇంటికి వెళ్లాను. ఏడేళ్లయింది. లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు. నేను కూడబలుక్కుని వెళ్లిన మాటలు సగం కూడా కాకుండానే అడిగారు.

"ఆ తీర్మానం ఇంకా అలాగే ఉందాండీ, పుస్తకంలో?"

ఉందన్నాను.

"లెక్కలు సరిపోయాయని నాకు అప్పుడే తెలిసింది. ఎవరో ఒకరు వస్తారనుకున్నాను." కాసేపాగి, "మూడు రోజులు ఉపవాసం ఉన్నారట కదా" అన్నారు. నేనేమీ మాట్లాడలేకపోయాను.

కమిటీ మూడుసార్లు కూర్చుంది. "జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాము" అని రాస్తే చాలదా అన్నారు కొందరు. చాలదన్నాను, జరగలేదు, చేశాం. ఇవన్నీ తవ్వితే సాతానుకు చోటిచ్చినట్టు కాదా అన్నారు ఇంకొకరు. ఆవిడ తిరిగొస్తారని హామీ ఉందా అని అడిగారు. లేదు. పెద్దాయన పేరు రాయకూడదని మాత్రం అందరం ఒప్పుకున్నాం. చివరకు తేలిన మాటలు ఇవి: "మేము విచారించకుండా, ఆమెను అడగకుండా, ఆమెపై నింద మోపి తీర్మానం చేశాము. నిజం తెలిసిన తరువాత కూడా దాచాము. ఆ తీర్మానాన్ని రద్దు చేస్తున్నాము." ఈసారి కాదనేవాళ్లెవరని కూడా అడిగారు. ఇద్దరు చేతులెత్తారు. ఆ సంగతీ పుస్తకంలో రాశారు.

ఆరాధనలో చదివే ముందు ఆవిడ అనుమతి తీసుకోవాలి కదా. బహిరంగంగా చదివితే పాత గాయం మళ్లీ రేగుతుందేమో, అది తేల్చాల్సింది ఆవిడే. కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. లోపలికెళ్లి పెన్ను తెచ్చారు.

"తేదీ తప్పండీ. మీరు తీర్మానం చేసింది పన్నెండున కాదు, పంతొమ్మిదిన. పన్నెండుకి నేనింకా పుస్తకాలు అప్పజెప్పలేదు."

కొట్టేసి, పైన సరైన తేదీ వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. కాగితం నా వైపు తిప్పారు.

"దిద్దిన చోట మీరు కూడా సంతకం పెట్టాలి" అన్నారు.